సొంత కంప్యూటర్: ఇప్పుడే కట్టుకుందామా, ఆగుదామా?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి ఉచిత భద్రతా సవరణలు ఆగిపోయాయి. గడువు పెంచుకున్న ఇళ్ళ కంప్యూటర్లకు కూడా మైక్రోసాఫ్ట్ ఇచ్చిన పొడిగింపు 2026 అక్టోబరు 13 వరకే. అయిదారేళ్ళ క్రితం కొన్నవి చాలావరకు విండోస్ 11కి మారిపోతాయి. అంతకంటే పాతవాటికి ఆ అర్హత లేదు. బాగానే పనిచేస్తున్న యంత్రాన్ని పక్కన పెట్టాల్సి రావడంతో ఎందరో కొత్త కంప్యూటర్ ఆలోచనలో పడ్డారు. సరిగ్గా అదే సమయానికి మెమరీ ధరలు మండిపోవడం మొదలైంది! 2025 వేసవిలో వంద డాలర్లు అటూ ఇటూగా దొరికిన 32 జీబీ డీడీఆర్5 ర్యామ్ జత, డిసెంబరు వచ్చేసరికి మూడు వందల డాలర్లు దాటింది.

అందుకే జెర్సీ సిటీ, ఎడిసన్ పరిసరాల్లో మనవాళ్ళు నలుగురు కలిసిన చోట ఈ ప్రశ్నలు వినిపిస్తున్నాయి. విడిభాగాలు కొని మనమే కట్టుకుంటే లాభమేనా? ఇప్పుడు కొనాలా, ఇంకొంత కాలం ఆగాలా? వాటికి సమాధానం వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సీటీసీ రోజుల లెక్క ఇప్పుడు చెల్లదు

మనలో చాలామందికి మొదటి కంప్యూటర్ "అసెంబుల్డ్ సిస్టమ్". సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అదే మన సీటీసీకి వెళ్ళి, నాలుగు షాపుల్లో కొటేషన్లు రాయించుకుని, మదర్‌బోర్డు ఒకచోట, మానిటర్ ఇంకోచోట కొని, ఎవరో ఒక కుర్రాడి చేత బిగించుకుని ఆటోలో ఇంటికి తెచ్చుకున్నవాళ్ళం. అప్పట్లో బ్రాండెడ్ కంప్యూటర్‌కీ దానికీ ధరలో తేడా స్పష్టంగా కనిపించేది. డబ్బు ఆదా అవుతుందనే ఆ పని చేసేవాళ్ళం.

ఇప్పుడు కేవలం ఆదా కోసమైతే కట్టుకోనక్కర్లేదు. పెద్ద కంపెనీలు మెమరీని ముందస్తు ఒప్పందాలతో కొంటాయి. షాపులో ర్యామ్ ధర పెరిగిన రోజునే వాటి కంప్యూటర్ల ధర పెరగదు. కాబట్టి ధరలు ఎగబాకే కాలంలో, తయారుగా దొరికే కంప్యూటరే ఒక్కోసారి చవక. రెండూ పక్కపక్కన పెట్టి లెక్క చూడకుండా ముందుకు వెళ్ళకండి.

మరి సొంతంగా కట్టుకోవడంలో లాభం ఏమిటి? ప్రతి భాగం నాణ్యత మన చేతిలో ఉంటుంది. తయారు కంప్యూటర్లలో ప్రాసెసర్ పేరు పెద్దగా వేసి, పవర్ సప్లై దగ్గరా మదర్‌బోర్డు దగ్గరా పొదుపు చేసే అలవాటు ఉంది. పైగా కొన్ని కంపెనీలు తమ సొంత కొలతల బోర్డులు వాడతాయి. మూడేళ్ళ తర్వాత ఒక భాగం పాడైతే బజారులో దొరికేది అందులో పట్టదు. మనం కట్టుకున్న దానిలో అలాకాదు, ఒక్కో భాగం మార్చుకుంటూ పదేళ్ళు నడిపించవచ్చు.

ర్యామ్‌కి ఏమొచ్చింది?

ప్రపంచంలో తయారయ్యే డీర్యామ్ మెమరీలో అత్యధిక భాగం మూడే మూడు కంపెనీలది: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. కృత్రిమ మేధ కోసం కట్టే డేటా సెంటర్లకు హెచ్‌బీఎం అనే ప్రత్యేక మెమరీ కావాలి. మైక్రాన్ చెప్పిన లెక్క ప్రకారం, ఒక జీబీ హెచ్‌బీఎంకి ఖర్చయ్యే సిలికాన్‌తో సుమారు మూడు జీబీల డీడీఆర్5 చెయ్యవచ్చు. అంటే అదే పొలంలో వరి తీసేసి ఎక్కువ నీళ్ళు తాగే చెరకు వేసినట్టు. చెరకుకి మంచి ధర పలుకుతోంది కాబట్టి రైతుకి బాధ లేదు. బియ్యం కొనుక్కునేవాడికే ఇబ్బంది.

2025 అక్టోబరులో ఓపెన్ఏఐ, తన స్టార్‌గేట్ డేటా సెంటర్ల కోసం శాంసంగ్‌తోనూ ఎస్‌కే హైనిక్స్‌తోనూ ఒప్పందాలు కుదుర్చుకుంది. నెలకు 9 లక్షల వేఫర్ల దాకా అవసరం పడవచ్చని అప్పుడు ప్రకటించారు. డిసెంబరు 3న మైక్రాన్ ఇంకో అడుగు వేసింది. మామూలు కొనుగోలుదారుల కోసం అమ్మే తన "క్రూషియల్" వ్యాపారాన్ని మూసేస్తున్నట్టు చెప్పింది. దాదాపు మూడు దశాబ్దాలుగా మన కంప్యూటర్లలో కనబడిన పేరు అది. ఎస్‌ఎస్‌డీల ధరలు కూడా ర్యామ్ వెనకాలే నడిచాయి.

త్వరలో దిగివస్తాయా? మెమరీ ఫ్యాక్టరీ కట్టడానికి ఏళ్ళు పడుతుంది. ఐడహోలో మైక్రాన్ కడుతున్న కొత్త ఫ్యాక్టరీ నుంచి మొదటి వేఫర్లు 2027 మధ్యలో వస్తాయని ఆ కంపెనీ అంచనా. కొరత 2026 దాటి కొనసాగుతుందని దాని అధిపతి సంజయ్ మెహ్‌రోత్రా 2025 డిసెంబరులోనే చెప్పారు. కాబట్టి "రెండు నెలలు ఆగితే తగ్గుతుందిలే" అన్న ఆశతో ఆగడంలో పెద్ద అర్థం లేదు.

ముందు పాత దాన్ని ఒకసారి చూడండి

కొత్త ఖర్చుకి దిగేముందు పాత కంప్యూటర్ మూత తీసి చూడండి. మీది 2017 ప్రాంతంలో కట్టుకున్న ఏఎమ్‌డీ రైజెన్ అయితే అదృష్టవంతులే. ఆ మొదటి తరం ప్రాసెసర్లకు విండోస్ 11 అర్హత లేదు. కానీ ఆనాటి ఏఎం4 మదర్‌బోర్డుల్లో చాలావాటికి బయోస్ నవీకరిస్తే, 2020 నవంబరు నుంచి వచ్చిన రైజెన్ 5000 శ్రేణి ప్రాసెసర్లు కూడా సరిపోతాయి. బోర్డు తయారీదారు సైట్‌లో మీ మోడల్ కింద ప్రాసెసర్ల జాబితా చూసుకుని, ముందు బయోస్ నవీకరించి, ఆ తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చండి. ఉన్న డీడీఆర్4 ర్యామ్ ఉన్నట్టే పనికొస్తుంది. బయోస్‌లో టీపీఎమ్, సెక్యూర్ బూట్ ఆన్ చేస్తే విండోస్ 11 ఎక్కుతుంది. ఇంతకంటే తక్కువ ఖర్చు మార్గం ఇంకోటి లేదు.

ఇంటెల్ వాళ్ళకు ఇంత సులువు కాదు. మామూలుగా ఎనిమిదో తరం కంటే పాతవాటికి అర్హత లేదు, వాటి బోర్డుల్లో కొత్త ప్రాసెసర్లు పట్టవు. అయినా మంచి డీడీఆర్4 ర్యామ్ చేతిలో ఉంటే, 12వ తరం ఇంటెల్ ప్రాసెసర్‌ని డీడీఆర్4 రకం బోర్డుతో తీసుకుని ఆ ర్యామ్‌నే వాడుకోవచ్చు. ఒక్క హెచ్చరిక: సెకండ్ హ్యాండ్‌లో 13, 14వ తరాల పెద్ద ప్రాసెసర్లు కొనేటప్పుడు జాగ్రత్త. వోల్టేజి లోపంతో అవి క్రమంగా దెబ్బతిన్న ఉదంతాలు వచ్చాక, 2024లో ఇంటెల్ మైక్రోకోడ్ సవరణ ఇచ్చి, వారంటీని మరో రెండేళ్ళు పెంచింది. ఆ సవరణ లేకుండా ఎన్నాళ్ళు నడిచిందో తెలియని ప్రాసెసర్ జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

భాగాల ఎంపిక

అసలు ఆ కంప్యూటర్‌తో ఏం చేస్తారో ముందు తేల్చుకోండి. ఆఫీసు పని, పిల్లల చదువు, వీడియో కాల్స్ ఒక రకం. ఆటలు, వీడియో ఎడిటింగ్ రెండో రకం. ఇంట్లోనే ఏఐ మోడల్స్ నడిపి ప్రయోగాలు చేద్దామనుకోవడం మూడో రకం.

ప్రాసెసర్, మదర్‌బోర్డు: ఏఎమ్‌డీ ఏఎం5 సాకెట్ 2022లో వచ్చింది. 2027 దాకా, ఆపైన కూడా దానికి కొత్త ప్రాసెసర్లు ఇస్తామని ఆ కంపెనీ మాట ఇచ్చింది. ఇంటెల్ కోర్ అల్ట్రా 200ఎస్ 2024 అక్టోబరులో కొత్త సాకెట్‌తో వచ్చింది. మున్ముందు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకుందామనుకునేవాళ్ళకు ఏఎం5 అనుకూలం. మొదటి రకం ఇంటికి ఆరు కోర్ల రైజెన్ 5 చాలు. ఆటలే ముఖ్యమైతే, 2024 నవంబరులో 479 డాలర్లకు విడుదలైన రైజెన్ 7 9800ఎక్స్3డీ లాంటివి చూడండి. పేరు చివర ఎక్స్3డీ ఉన్నవాటికి అదనపు క్యాషే మెమరీ ఉంటుంది, ఆటలకు అది బాగా కలిసొస్తుంది. పేరు చివర "ఎఫ్" అక్షరం ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండవు. కార్డు కొనే ఉద్దేశం లేకపోతే అది తీసుకోవద్దు.

ర్యామ్: మొదటి రకానికి 16 జీబీ, మిగిలినవాటికి 32. ఒకటే పెద్ద ముక్క కాకుండా జతగా కొనండి, అప్పుడే రెండు దారుల్లోనూ డేటా నడుస్తుంది. ఏఎం5కి డీడీఆర్5-6000 సరిపోతుంది, అంతకంటే వేగానికి పెట్టే డబ్బు దండగ. నాలుగు గదుల్లోనూ నాలుగు ముక్కలు పెడితే వేగం తగ్గుతుంది, అదీ గుర్తుంచుకోండి.

ఎస్‌ఎస్‌డీ: పాత సాటా రకం సెకనుకు సుమారు 550 మెగాబైట్లు చదివితే, నాలుగో తరం ఎన్‌వీఎంఈ 7,000 దాకా, అయిదో తరం 14,000 దాకా చదువుతుంది. అంకెలు ఘనంగానే ఉన్నాయి. రోజువారీ వాడకంలో మాత్రం నాలుగుకీ అయిదుకీ తేడా కనిపించదు. నాలుగో తరం తీసుకుని, మిగిలిన డబ్బుతో సైజు పెంచుకోండి.

గ్రాఫిక్స్ కార్డు: మొదటి రకానికి అక్కర్లేదు. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 2025 ఏప్రిల్‌లో 8 జీబీ 379, 16 జీబీ 429 డాలర్లుగా విడుదలైంది. ఏఎమ్‌డీ ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ అదే ఏడాది జూన్‌లో 299, 349 డాలర్లకు వచ్చింది. షాపులో ధర వీటికంటే ఎక్కువ ఉండవచ్చు, కానీ పోల్చుకోవడానికి ఈ అంకెలు ఉపయోగపడతాయి. రెంటిలోనూ 16 జీబీదే తీసుకోండి. కొత్త ఆటలకు 8 జీబీ చాలడం లేదు. ఏఐ ప్రయోగాలకైతే కార్డు మెమరీలో ఎంత పెద్ద మోడల్ పడుతుందన్నదే మొదటి ప్రశ్న, వేగం సంగతి ఆ తర్వాతే.

పవర్ సప్లై: మన సీటీసీ భాషలో ఎస్ఎంపీఎస్. పొదుపు చెయ్యకూడని చోటు ఇదే. పైన చెప్పిన కార్డులకు మంచి కంపెనీ 650 వాట్లది చాలు. 575 వాట్లు తాగే ఆర్‌టీఎక్స్ 5090కి మాత్రం వెయ్యి వాట్లది పెట్టమని ఎన్విడియా సలహా. ఇంకో సంగతి. పవర్ సప్లై మార్చేటప్పుడు పాతదాని కేబుళ్ళు కొత్తదానికి తగిలించవద్దు. కనెక్టర్ ఒకేలా కనిపించినా లోపల తీగల వరస కంపెనీ కంపెనీకీ మారుతుంది. ఒక్క తప్పు కేబుల్‌తో డ్రైవులూ బోర్డూ కాలిపోతాయి.

ఎక్కడ కొనాలి?

జెర్సీ సిటీలో ఉన్నవాళ్ళకు ఈ విషయంలో మంచి వసతి ఉంది. కంప్యూటర్ భాగాలకు పేరుపడ్డ మైక్రో సెంటర్ దుకాణం ప్యాటర్సన్‌లో ఉంది, కారులో వెళ్ళి రావచ్చు. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ కలిపి తగ్గింపు ధరకు అమ్మడం వాళ్ళ అలవాటు. ర్యామ్ కరువు రోజుల్లో అలాంటిది దొరికితే ముందు దాన్నే చూడండి. కారు లేనివాళ్ళు జర్నల్ స్క్వేర్‌లో పాత్ రైలెక్కి 33వ వీధిలో దిగి, పడమరకి నడిస్తే 9వ ఎవెన్యూ మీద బీ అండ్ హెచ్ వస్తుంది. శనివారం తీరుబడిగా వెళ్దామనుకుంటారేమో! యూదుల విశ్రాంతి దినం కాబట్టి ఆ రోజు మూసి ఉంటుంది.

పన్ను లెక్క కూడా వేసుకోండి. న్యూయార్క్ నగరంలో అమ్మకం పన్ను 8.875 శాతం, న్యూజెర్సీలో 6.625 శాతం. 1,500 డాలర్ల సరుకు మీద అక్కడ 133 డాలర్లు, ఇక్కడ 99. జెర్సీ సిటీ, ప్యాటర్సన్ రెండూ అర్బన్ ఎంటర్‌ప్రైజ్ జోన్ ఉన్న ఊళ్ళే. ఆ పథకంలో అర్హత పొందిన దుకాణానికి స్వయంగా వెళ్ళి కొంటే సగం పన్నే, అంటే 3.3125 శాతమే. మీరు కొనే దుకాణానికి అది వర్తిస్తుందో లేదో ముందుగా అడగండి.

తిరిగి ఇచ్చే గడువు కూడా చూసుకోండి. అన్ని భాగాలూ ఒకేసారి చేతికి వచ్చేలా కొనాలి. తగ్గింపు దొరికిందని బోర్డు ఈ నెల, ప్రాసెసర్ మూడు నెలల తర్వాత కొంటే, బోర్డులో లోపం బయటపడేసరికి గడువు దాటిపోతుంది.

బిగించే రోజు

ఒక స్టార్ స్క్రూడ్రైవర్, ఖాళీ భోజనాల బల్ల, మూడు నాలుగు గంటల తీరిక ఉంటే చాలు. చలికాలంలో మన అపార్టుమెంట్లలో హీటర్ల వల్ల గాలి పొడిబారి, తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమనడం మీకు అనుభవమే. ఆ స్థిర విద్యుత్తే చిప్పులకు శత్రువు. కార్పెట్ మీద నిలబడకండి, ఉన్ని స్వెట్టర్ వేసుకోకండి, ప్రతి భాగం పట్టుకునే ముందు క్యాబినెట్ లోహాన్ని ఒకసారి తాకండి.

ముందు బోర్డుని దాని పెట్టె మీదే ఉంచి ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ బిగించండి. ఇప్పటి ప్రాసెసర్లకు కాళ్ళు లేవు, వెంట్రుకల్లాంటి పిన్నులన్నీ సాకెట్‌లోనే ఉన్నాయి. ప్రాసెసర్ మీది బాణం గుర్తు, సాకెట్ మీది గుర్తు కలిపి, నొక్కకుండా అలా వదిలెయ్యాలి. ర్యామ్ జతని ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు గదుల్లో పెట్టండి. పేస్టు బఠాణీ గింజంత చాలు. కూలర్ అడుగున అంటించిన ప్లాస్టిక్ పొర తీసేశారా అన్నది ఇంకోసారి చూడండి. తర్వాత బోర్డుని క్యాబినెట్‌లో దించి, పెద్ద కేబులుతో పాటు పైన మూలనున్న ఎనిమిది పిన్నుల ప్రాసెసర్ కేబులూ తగిలించండి. మానిటర్ కేబులు గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి, బోర్డుకి కాదు.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. కంగారుపడి ఆపెయ్యవద్దు. డీడీఆర్5 ర్యామ్‌ని బోర్డు మొదటిసారి పరీక్షించుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఓ పది నిమిషాలు ఓపిక పట్టండి. తెర వెలిగాక బయోస్‌లో ఎక్స్‌పో లేదా ఎక్స్‌ఎంపీ ఆన్ చెయ్యండి. చెయ్యకపోతే డబ్బు పోసి కొన్న ర్యామ్ తక్కువ వేగంతోనే నడుస్తుంది.

పాత ఇళ్ళలో ఉండేవాళ్ళకు ఒక మాట. మన గదుల్లో చాలావరకు 15 ఆంపియర్ల సర్క్యూట్లు. 120 వోల్టుల దగ్గర మొత్తం 1,800 వాట్లు, నిరంతరంగా వాడితే 1,440 మించకూడదు. పెద్ద గ్రాఫిక్స్ కార్డు, కిటికీ ఏసీ ఒకే సర్క్యూట్ మీద ఉంటే వేసవిలో బ్రేకర్ పడిపోతూ ఉంటుంది.

ఇండియాకి తీసుకెళ్ళాలంటే

వీసా పరిస్థితుల వల్లనో, అమ్మానాన్నల కోసమో తిరిగి వెళ్ళే ఆలోచన ఉన్నవాళ్ళు పవర్ సప్లై మీద "100-240 వోల్టులు" అని రాసి ఉందో చూసి కొనాలి. అలా ఉంటే ఇండియాలో తీగ మాత్రం మారిస్తే సరి. కొన్ని చవకరకాలకు వెనక 115/230 అని చిన్న స్విచ్ ఉంటుంది. 115 మీద ఉంచి అక్కడి 230 వోల్టులకు తగిలిస్తే క్షణంలో ఢామ్మంటుంది. ఇక్కడి 120 వోల్టుల యూపీఎస్ అక్కడ పనికిరాదు. ప్రయాణానికి ముందు గ్రాఫిక్స్ కార్డూ బరువైన కూలరూ విప్పి వేరుగా ప్యాక్ చెయ్యండి. వారంటీ అక్కడ చెల్లుతుందో లేదో కొనేటప్పుడే కనుక్కోండి. కస్టమ్స్‌లో లాప్‌టాప్‌కి ఉన్న ప్రత్యేక మినహాయింపు డెస్క్‌టాప్‌కి లేదన్నదీ మరవొద్దు.

అక్కడ అమ్మానాన్నలు ఇంకా విండోస్ 10 మీదే బ్యాంకు పనులు చేసుకుంటున్నారేమో ఈ వారం ఫోన్‌లో అడగండి. వాళ్ళకు కావలసింది కొత్త గ్రాఫిక్స్ కార్డు కాదు, సురక్షితమైన చిన్న కంప్యూటరో, మీరు దగ్గరుండి ఎక్కించిన లైనక్సో చాలు.

రాబోయేవాటి కోసం ఆగాలా?

నోవా లేక్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు 2026 చివరికి తెస్తామని ఇంటెల్ ప్రకటించింది. ఏఎమ్‌డీ తర్వాతి తరం జెన్ 6. ఏటా ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. వాటికీ డీడీఆర్5 ర్యామే కావాలి. ప్రాసెసర్ ఎంత గొప్పదైనా ర్యామ్ ధర తగ్గదు కదా!

కాబట్టి తేల్చి చెప్పాలంటే: ఉన్న కంప్యూటర్‌కి విండోస్ 11 ఎక్కి, పని జరుగుతుంటే ఆగండి, తొందరేమీ లేదు. ప్రాసెసర్ ఒక్కటి మారిస్తే గట్టెక్కేవాళ్ళు అదే చెయ్యండి. పిల్లలు కాలేజీకి వెళ్తున్నారనో, పాతది మూలపడిందనో అవసరం నిజంగా ఉంటే ధర తగ్గేదాకా చూడకండి. ఏఎం5 బోర్డు, మంచి పవర్ సప్లై తీసుకుని, ర్యామ్ మాత్రం అవసరానికి సరిపడా కొనండి. తయారు కంప్యూటర్ చవకగా దొరికితే నామోషీ పడకుండా అదే కొనండి.

చివరగా పాతదాని సంగతి. న్యూజెర్సీలో 2011 జనవరి 1 నుంచి కంప్యూటర్లు, మానిటర్లు, టీవీలు చెత్తలో పారెయ్యడం చట్టరీత్యా నేరం. వాటిని ఎలక్ట్రానిక్ రీసైక్లింగ్‌కే ఇవ్వాలి. ఇచ్చేముందు డ్రైవు తీసి ఉంచుకోండి, లేదా పూర్తిగా చెరిపెయ్యండి. ట్యాక్స్ రిటర్నులూ, వీసా కాగితాలూ, పాస్‌పోర్టు కాపీలూ అన్నీ అందులోనే ఉంటాయి మరి. ర్యామ్ ముక్కలు కూడా విప్పి దాచుకోండి. డీడీఆర్4 అయినా సరే, ఈ రోజుల్లో దానికీ గిరాకీ ఉంది!